గెడ్డ నీళ్లు ఇంటికొచ్చాయి!

మందస దగ్గర, తోటలోంచి
మే నెలాఖరు

ఒరేయ్ జీడిపిక్కా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు, క్షమించు. జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఇక్కడ చేతికి ఖాళీ ఉండదని నీకు తెలుసు. అమ్మ బాగుంది. పాప రెండో తరగతికొచ్చింది. పిక్క ధర మాత్రం అడగకు, దానికి వేరే ఉత్తరం కావాలి. సోలార్ దీపాలు బాగానే వెలుగుతున్నాయి. 75 వాట్ల పాత ఫ్యాను తీసేసి 28 వాట్లది పెట్టాక బ్యాటరీ తెల్లారేదాకా నిలుస్తోంది. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

గెడ్డ నీళ్లు, అదే మన వాగు నీళ్లు, ఇంటికి ఎక్కాయిరా! కరెంటు లేదు, డీజిల్ లేదు, సోలార్ కూడా లేదు. నీళ్లే నీళ్లని పైకి తోస్తున్నాయి.

సోలార్ మోటారు కొనమని నువ్వు ఎప్పటినుంచో పోరుతున్నావు. కానీ మన గెడ్డ ఉన్న పల్లం నీకు తెలుసు కదా, మధ్యాహ్నం కూడా నీడే. ప్యానెల్ పైన పెట్టి తీగ కిందకి లాగాలి. పైగా తుఫాను భయం. 2018 అక్టోబరు 11న తిత్లీ మన ఉద్దానాన్ని ఏం చేసిందో ఇద్దరం కళ్లారా చూశాం. కొబ్బరిచెట్లే నిలవలేదు, ఇక ప్యానెళ్లా?

మావయ్య కొండ మీద ఒక ఊళ్లో రామ్ పంపు చూసొచ్చి చెప్పాడు, అదే పెట్టాం. ఇది కొత్తదేం కాదురా. బెలూన్ ఎగరేసిన మాంట్‌గోల్ఫియర్ అన్నదమ్ముల్లో పెద్దాయన జోసెఫ్, 1796లోనే ఫ్రాన్సులో చేశాడట. పని తీరు చెబుతా, నువ్వు మన హాస్టల్ మూడో అంతస్తు కుళాయిని తలుచుకో. తలుచుకున్నావా? ఠపీమని కట్టేస్తే పైపంతా దడదడలాడి వార్డెన్ గారు లేచి... సరే, అది వద్దులే. ఆ దడదడే ఇక్కడ పని చేస్తుంది. గెడ్డకి అడ్డంగా రాళ్లు పేర్చి, అక్కడినుంచి కిందకి రెండంగుళాల ఇనప పైపు దించి పంపుకి కలిపాం. నీళ్లు వేగం పుంజుకుని పరిగెడతాయి, ఆ వేగానికి కింది వాల్వు టక్కున మూసుకుంటుంది. ఆగిన నీటికి ఎటూ దారి లేక లోపలి వాల్వుని తోసుకుని గాలి గదిలోకి దూరతాయి. అక్కడి గాలి నొక్కుకుపోయి, మళ్లీ సాగుతూ ఆ నీళ్లని ఇంటికెళ్లే సన్న పైపులోకి నెడుతుంది. ఈలోగా ఒత్తిడి తగ్గి కింది వాల్వు తన బరువుకే పడిపోతుంది, మళ్లీ మొదలు. నిమిషానికి యాభై అరవై దెబ్బలు.

పలాస షాపులో ప్లాస్టిక్ పైపు చాలన్నారు. మావయ్య ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ సాగుతుంది, దెబ్బని అదే మింగేస్తుంది. ఇరవై అడుగుల ఇనప పైపులు రెండు కలిపాం. వాలు ఆరున్నర అడుగులే. ఇల్లు మాత్రం నలభై అయిదు అడుగుల పైన!

బిగించాక వాల్వు టక్కున మూసుకుంది. అంతే, అలాగే ఉండిపోయింది. నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. మావయ్య మోకాలిలోతు నీళ్లలో కూర్చుని బొటనవేలితో నొక్కుతూనే ఉన్నాడు. పైకెళ్లే పైపులో ఒత్తిడి నిండితే తప్ప అది సొంతంగా ఆడదట. ఆయన అలిసిపోతే నేను, నేను అలిసిపోతే ఆయన. చీకటి పడుతోంది, దోమలు. రేపు చూద్దాం అనుకునేసరికి దానంతట అదే టక్... టక్... టక్. చెయ్యి తీసేశాను. ఆగలేదు! ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పైకి పరిగెత్తాను. అమ్మ తొట్టి దగ్గర నిలబడి పైపు చివర చూస్తోంది. ముందు గాలి, తరవాత బురద, తరవాత నీళ్లు. "కిందన ఎవులున్నార్రా?" అంది. ఎవరూ లేరమ్మా, మావయ్య కూడా వచ్చేశాడు అన్నాను. నమ్మలేదు. లాంతరు పట్టుకుని దిగి చూసొచ్చింది. ఆ మోకాళ్లతో! వచ్చి గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాన్న కావిడి మోసిన దారి అది, ఆయన పోయాక తను బిందెలతో ఎక్కిన దారి. నాకూ మాట రాలేదురా.

మర్నాడు కొలిచాను. పదిహేను లీటర్ల బకెట్ అయిదు నిమిషాల్లో నిండింది. రాత్రీ పగలూ కలిపి 4,320 లీటర్లు, అదీ ఈ ఎండల్లో, గెడ్డ సన్నబడ్డాక! ఒక లీటరు పైకెక్కడానికి పది పన్నెండు లీటర్లు వాల్వులోంచి బయటికి పోతాయి గానీ, అవీ గెడ్డలోకే పోతాయి, దిగువ వాళ్లకి నష్టం లేదు. ఇంట్లోకీ, ఆవులకీ, అమ్మ ఆనప పాదుకీ పోగా కొత్త జీడి మొక్కలకి కూడా మిగులుతున్నాయి.

తరవాత ఒకరోజు చప్పుడు మారింది. మెత్తటి టక్ పోయి పైపు అదిరేలా కొట్టడం మొదలెట్టింది. నాకు టెన్షన్. గాలి గదిలో గాలి కొంచెం కొంచెంగా నీళ్లలో కరిగిపోయి గది నిండా నీళ్లే ఉన్నాయి. ఖాళీ చేసి, లోపలి వాల్వుకి కాస్త కింద సూది దూరేంత బెజ్జం పెట్టాం. ఒక్కో దెబ్బకీ ఒక గుక్క గాలి పీల్చుకుంటుంది, చిటికెడు నీళ్లు చిమ్ముతుంది. అప్పటినుంచి బాగుంది.

వానలొస్తే గెడ్డ పొంగుతుంది, అదొక్కటే నా బెంగ. పైపుల్ని కలిపే యూనియన్ బిగింపు విప్పి పంపుని గట్టెక్కించేలా పెట్టాం కానీ ఇనప పైపు సంగతి... రాళ్లకి గొలుసు కడదామంటాడు మావయ్య, నాకైతే సిమెంటు దిమ్మె పోస్తేనే...

చిన్నాన్న బండి స్టార్ట్ చేసేశాడు, పలాసలో రైలు అందుకోవాలి, ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. నువ్వొచ్చేటప్పుడు విశాఖలో రెండంగుళాల ఇత్తడి వాల్వు ఒకటి పట్టుకురా, ఇక్కడ దొరికేవి పల్చగా ఉంటున్నాయి. మరిచిపోకు, రెండంగు