బ్యాటరీది కాదు మామా తప్పు

మామా,

ముందే చెప్తున్నా, తిట్టకు. బతుకమ్మ అయిపోగానే రాస్తానన్నాను, దీపావళి కూడా దాటిపోయింది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఈ సంగతి ఫోన్‌లో చెప్తే నువ్వు డ్యూటీ మధ్యలో "ఊఁ, ఊఁ, తర్వాత చేస్తా" అని పెట్టేస్తావు, నాకేమో మొదటి నుంచి చివరి దాకా చెప్తే గాని మనసు ఊరుకోదు. మన వాడకట్టు పిల్లగాడు రేపు మస్కట్ విమానం ఎక్కుతున్నాడు, వాడి చేతికే ఇస్తున్నా.

ఇక్కడ అందరం బాగున్నాం. పత్తి ఏరుతున్నారు, ఎనుమాములలో రేటు గొడవ ఎప్పటిలాగే ఉంది. పాపకు జ్వరం వచ్చి తగ్గింది. అమ్మ నీకు తొక్కు పెట్టింది, దాని సంగతి చివర్లో. మిగతావి చెల్లె నీకు రోజూ చెప్తూనే ఉంటుంది కదా.

దొర లేచాడు మామా! నీ బండి బాగైపోయింది. అమ్మేయమని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ నేను ఎవరికీ వినిపించలేదు, ఇక వినిపించను కూడా.

సరే, మొదటి నుంచి చెప్తా. వానాకాలం నుంచే వాడి వాలకం బాగాలేదు. పొద్దున సెల్ఫ్ కొడితే నీరసంగా తిరిగేది. ఐడిల్‌లో హెడ్‌లైట్ పచ్చగా పడేది, రేస్ ఇస్తే కొంచెం తెల్లబడేది. ఇండికేటర్ వేస్తే మీటర్ బోర్డు కూడా దాంతో పాటే మినుకు మినుకు మనేది. హన్మకొండలో మంచి పేరున్న ఒక బ్యాటరీ షాపుకు తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు వోల్టులు కొలిచే మీటర్ పెట్టి చూసి, పాతది అయిపోయింది అన్నాడు. కొత్తది వేశాం. కొన్నాళ్ళు గుర్రంలా నడిచింది. తర్వాత మళ్ళీ అదే కథ. మళ్ళీ వెళ్తే ఈసారి "కాయిల్ పోయింది అన్నా, ఇంజన్ పక్క కవర్ విప్పాలి, ఆయిల్ దించాలి, కాయిలూ రెక్టిఫైరూ సెట్టుగా మార్చాలి" అన్నాడు. కాయిల్ అంటే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది, రెక్టిఫైర్ అంటే ఆ కరెంటును బ్యాటరీకి పట్టేలా మార్చేది. ఎంతవుతుందో చెప్పాడు, ఆ అంకె నీకు రాయను, నీకు అక్కడ నిద్ర పట్టదు. నాకు నచ్చనిది డబ్బు సంగతి కాదు. కాయిల్‌ను ఒక్కసారి కూడా కొలవకుండా పోయిందని ఎలా చెప్తాడు? అడిగితే, "చార్జింగ్ రావట్లేదు కదన్నా, అంటే కాయిలే" అన్నాడు.

ఇదంతా నడుస్తుండగానే మీ బాపును కంటి డాక్టరుకు చూపించాల్సి వచ్చింది. నేను బస్సులో వెళ్దామన్నాను. బాపు వింటాడా, "మావోడి బండి మీదనే పోతా" అన్నాడు. పొద్దున బాగానే వచ్చాం. చూపించుకుని తిరిగి వెళ్ళేటప్పుడు ఆత్మకూరు దాటాక చీకటి పడింది, హారన్ గొంతు మారింది. మల్లంపల్లి దాటేసరికి లైటు నారింజ రంగుకు దిగింది. జాకారం దాటి గట్టమ్మ గుడి ఇంకా కొంచెం దూరం ఉందనగా మీటర్ బోర్డు ఆరిపోయి మళ్ళీ వెలిగింది, ఏబీఎస్ లైటు పడింది, ఇంజన్ రెండు మూడు సార్లు ఎగపోసి ఆగిపోయింది. పాత కార్బురేటర్ బండ్లు కిక్ కొడితే ఎలాగోలా ఇంటికి చేర్చేవి. దీనికి పెట్రోల్ పంపు తిరగాలన్నా, ఇంజెక్టర్ తెరుచుకోవాలన్నా కరెంటే కావాలి. వోల్టేజ్ పడిపోతే నెట్టినా లాభం లేదు.

బాపు ఏమీ అనలేదు. కల్వర్టు మీద కూర్చున్నాడు. పాకాలలో గొడుగు పోయిన రోజు నువ్వు పెట్టిన మొహం గుర్తుందా, అచ్చం అదే మొహం. కాసేపయ్యాక, "వాడు కూడా అమ్మేయమంటున్నడట గద" అన్నాడు. ఎవరు చెప్పారో ఆయనకు. నాకు నోట మాట రాలేదు. నీకు తెలుసో లేదో, నేను ఎప్పుడు మీ ఇంటికి బండి తీసుకెళ్ళినా ఆయన తడిబట్ట తెచ్చి ట్యాంకు తుడుస్తాడు. నేను చూడట్లేదనుకుని తుడుస్తాడు. సరే, ఇది ఇక్కడితో ఆపుతా, లేకపోతే ఉత్తరం వేరే వైపు వెళ్తుంది.

చిన్నోడు ములుగు నుంచి ట్రాలీ ఆటో తెచ్చాడు. బాపును ఇంట్లో దింపి, దొరను అదే ట్రాలీలో వరంగల్ తెచ్చాను. కానీ ఆ షాపుకు వెళ్ళలేదు. పోచమ్మమైదాన్ దగ్గర రేకుల షెడ్డులో లారీల వైరింగ్ చేసే అద్దాల తాత లేడూ, ఆయన దగ్గరికి వెళ్ళాను. ఇంకా అవే అద్దాలు, అదే దారం. ఆయన బండిని ముట్టకుండానే అడిగిన మొదటి మాట: "ఊర్లె తిరిగితే డౌన్ అయితదా, రోడ్డు మీద పోతే డౌన్ అయితదా?" ఆలోచిస్తే ఊళ్ళో చిన్న చిన్న పనులకు తిరిగిన వారమే ఎక్కువ ఇబ్బంది పెట్టేది. దూరం వెళ్తే కొంచెం కోలుకునేది. "అంటే చార్జింగ్ అసలు లేకుండ లేదు బిడ్డా, సగం సగం వస్తున్నది" అన్నాడు. చూశావా, మీటర్ తీయకముందే సగం తేలిపోయింది. రాత్రి లైట్లు గంటసేపు మండితే ఆ సగం కూడా సరిపోదు, మొన్నటి రోడ్డు సంగతి అదే.

బ్యాటరీని రాత్రంతా చార్జర్‌కు పెట్టాడు. పొద్దున చార్జర్ తీసి కొన్ని గంటలు అలాగే వదిలేశాక చూస్తే 12.7 వోల్టులు. చార్జర్ తీసిన వెంటనే చూస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుందట, అందుకే వదిలేయాలి. 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరికి వస్తే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతూ చూస్తే 10 కంటే కిందికి పోలేదు. బ్యాటరీ మంచిదే. అప్పుడు స్టార్ట్ చేసి బ్యాటరీ మీదే మీటర్ పెట్టాం. ఐడిల్‌లో 12.3. రేస్ ఇచ్చి నాలుగైదు వేల ఆర్పీఎం దగ్గర పట్టుకుంటే 14 వోల్టుల చుట్టూ రావాలి, అంటే 13.8 నుంచి 14.5 లోపు. మనకు 12.7 దాటలేదు. ఆ షాపు కుర్రాడు ఇక్కడి దాకా వచ్చి ఆగి, కాయిల్ అనేశాడన్నమాట.

తాత ఆగలేదు. కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు తీగలను రెక్టిఫైర్‌తో కలిపే ప్లాస్టిక్ కప్లర్ విప్పి, కాయిల్ వైపు మీటర్‌ను ఏసీ వోల్టులలో పెట్టాడు. ఒకటీ రెండూ, రెండూ మూడూ, ఒకటీ మూడూ. ఐడిల్‌లో 20కి అటూ ఇటూ, రేస్ ఇస్తే 60 దాటింది. చూడాల్సింది అంకె ఒక్కటే కాదు మామా, మూడు జతలూ సమానంగా ఉన్నాయా అన్నది. ఉన్నాయి! ఇంజన్ ఆపి ఒక్కో పసుపు తీగకూ బాడీకీ మధ్య చూశాడు, ఎక్కడా కలవలేదు. కలిసి ఉంటే కాయిల్ ఎర్త్ అయినట్టు. అంటే కాయిల్ నిక్షేపంలా ఉంది. కవర్ విప్పి, ఆయిల్ దించి, మంచి కాయిల్ తీసి పారేసి కొత్తది వేసేవాళ్ళు. ఇప్పుడు రాస్తుంటే కూడా కోపం వస్తోంది. రెక్టిఫైర్ డయోడ్లు కూడా చూశాడు, ఒకవైపు అర వోల్టు దగ్గర చూపిస్తున్నాయి, రెండోవైపు ఏమీ చూపించట్లేదు. అలాగే ఉండాలట.

కాయిల్ మంచిది, రెక్టిఫైర్ మంచిది, బ్యాటరీ మంచిది. చార్జింగ్ మాత్రం రాదు. నాకు తల తిరిగింది. తాతేమో నవ్వి, విప్పిన కప్లర్‌ను వెలుతురులోకి తిప్పి, "గిది చూడు" అన్నాడు.

మూడు పిన్నుల్లో ఒకదాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి, కరిగి, పిన్ను వంకరగా కూరుకుపోయి ఉంది. పైన రబ్బరు తొడుగూ, దాని మీద ఎవరో చుట్టిన టేపూ, అదంతా బ్యాటరీ పెట్టె వెనక. బయటికి ఎలా కనపడుతుంది! మళ్ళీ కప్లర్ కలిపి, బండి స్టార్ట్ చేసి, వెనక నుంచి సూదులు గుచ్చి ఒకే తీగకు కప్లర్ ఇవతలా అవతలా కొలిచి చూపించాడు. రెండు తీగలకు దాదాపు సున్నా. మూడోదానికి వోల్టులకు వోల్టులు అక్కడే పోతున్నాయి. బ్యాటరీకి చేరాల్సిన కరెంటు ఆ పిన్ను దగ్గర వేడిగా మారిపోతోంది. వేడికి పిన్ను పట్టు వదులైంది, పట్టు వదులైతే ఇంకా వేడెక్కింది, అలా నెలల తరబడి నడిచింది. మూడు తీగల పని రెండు తీగల మీద పడింది. ఊళ్ళో నిదానంగా తిరిగితే ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళకు హెడ్‌లైట్ పగలు కూడా ఆరదు కదా, అది ఒక్కటే 60 వాట్లు ఉంటే అయిదు ఆంపియర్లు తినేస్తుంది. బ్యాటరీ రోజూ కొంచెం కొంచెం ఖాళీ అవుతూ వచ్చింది. కొత్త బ్యాటరీ కొన్నాళ్ళు నడిచింది కూడా అందుకే, షాపులో నింపి ఇచ్చిన చార్జింగ్‌ను తింటూ నడిచింది.

ఇంకో సంగతి చెప్పాడు, నాకు ఇదే బాగా నచ్చింది. లైట్లు తక్కువ వాడితే కాయిల్ మీద బరువు తగ్గుతుందని అనుకుంటాం కదా. మన బండిలో ఉన్న రకం రెగ్యులేటర్‌తో (రెక్టిఫైర్ డబ్బాలోనే ఉండి వోల్టేజ్ హద్దు దాటకుండా చూసేది) అలా తగ్గదు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కాయిల్ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది, అవసరానికి మించిన దాన్ని రెగ్యులేటర్ షార్ట్ చేసి తిరిగి కాయిల్‌కే తిప్పుతుంది. మడి నిండినా మోటారు ఆపకుండా నీళ్ళు కాలువకు మళ్ళించినట్టు. అందుకే బ్యాటరీ నిండుగా ఉన్నా ఆ మూడు పసుపు తీగల్లో కరెంటు పారుతూనే ఉంటుంది, అందుకే మాడితే ముందు ఆ కప్లరే మాడుతుంది, రెగ్యులేటర్‌కు రెక్కలు పెట్టి గాలి తగిలే చోట బిగించేది కూడా అందుకే. వాటి మీద బ్యాగులు కట్టొద్దు. ఎవరికి చెప్తున్నానో నీకు తెలుసు.

ఇక రిపేరు. పాత కప్లర్‌ను అంతా కోసి పారేశాడు. మాడిన తీగను రాగి తళతళ మెరిసే దాకా వెనక్కి వెనక్కి కోశాడు, నల్లబడిన రాగికి టంకం పట్టదట. కొత్త పిన్నులు నొక్కి, పైన టంకం పెట్టి, స్లీవ్ తొడిగి వేడి చేశాడు. వేడికి తట్టుకునే కొత్త కప్లర్ వేసి లోపల గ్రీజు పెట్టాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు, బండి నడుస్తుండగా రెక్టిఫైర్ నుంచి బ్యాటరీ దాకా రెండు వైపులా ఎంత పోతోందో చూడాలన్నాడు. ప్లస్ వైపు 0.1, బాగుంది. ఎర్త్ వైపు, అంటే మైనస్ వైపు, అర వోల్టు! చూస్తే ఎర్త్ బోల్టు కింద పెయింటూ తుప్పూ. నువ్వు క్రాష్ గార్డు వేయించినప్పుడు నీ మ్యూజికల్ హారన్ ఎర్త్ కూడా అక్కడే బిగించారు, దాని కింద నీళ్ళు నిలిచాయి. గీకి, శుభ్రం చేసి, కొత్త వాషర్ వేశాడు. (ఆ హారన్ తీసేశాను మామా. మీ బావ పెళ్ళి ఊరేగింపులో అది చేసిన పని చాలు.)

స్టార్ట్ చేశాం. ఐడిల్‌లో 13.6. రేస్ ఇస్తే 14.3 దగ్గర నిలబడింది, ఇంకా రేస్ ఇచ్చినా పైకి పోలేదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, అప్పుడు బ్యాటరీ ఉడికిపోతుంది, కాబట్టి అదీ చూడాల్సిందే. హెడ్‌లైట్ హై బీమ్ వేసి, బ్రేకు నొక్కి చూశాం, కదల్లేదు. నేను షెడ్డులోనే అరిచాను, పక్క లారీ క్లీనర్ భయపడ్డాడు. తాత తీసుకున్న డబ్బులు ఆ షాపు వాడు చెప్పిన దాంట్లో ఒక మూలకు రావు. ఎక్కువ ఇస్తే తిరిగి జేబులో పెట్టాడు. ఆ చేతులు చూస్తే నాకు దండం పెట్టాలనిపించింది, నిజంగా పెట్టాను కూడా.

ఆ తర్వాతి ఆదివారం బాపును రామప్ప దాకా తిప్పుకొచ్చాను, తిరిగి వచ్చేది కావాలనే చీకటి పడ్డాక పెట్టుకున్నాను. జంగాలపల్లి దగ్గర ఆగి టీ తాగాం. లైటు ఎంత తెల్లగా ఉందో చూడమని ఆయనే నాకు చూపిస్తున్నాడు.

ఒక మీటర్ కొన్నాను, నీక్కూడా ఒకటి పంపుదామనుకున్నా గాని ఎయిర్‌పోర్టులో ఏమంటారోనని. అక్కడ నీ రూమ్మేట్ బండి కూడా డౌన్ అవుతుందన్నావు కదా, బ్యాటరీ కొనకముందు కప్లర్ విప్పి చూడమను. రాత్రి ఊరికే పెడితే డౌన్ అవుతుంటే మాత్రం అది వేరే లెక్క, తాళం చెవి తీసేసి మైనస్ తీగ విప్పి మధ్యలో మీటర్ ఆంపియర్లలో పెట్టి చూడాలి, కొన్ని మిల్లీ ఆంపియర్లు గడియారానికి పోతే పర్లేదు, ఎక్కువ పోతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఏది తీస్తే తగ్గుతుందో... అయ్యో, మన మీటర్ విషయంలో తాత ఇంకో మాట చెప్పాడు, ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ తీగ ఎట్టి పరిస్థితిలో విప్పొద్దు, పాత మెకానిక్కులు అలా విప్పి చూసేవాళ్ళు గాని ఇప్పటి బళ్ళలో ఈసీయూ, అంటే బండి కంప్యూటర్, పోతుంది. వాడికి ఇది తప్పకుండా చెప్పు.

ఫాగ్ లైట్ల సంగతి అడగాలి నిన్ను. ఉంచాలా తీయాలా? 55 వాట్లవి రెండు అంటే తొమ్మిది ఆంపియర్లు, నా లెక్క ప్రకారం ఎల్ఈడీవి వేసుకుంటే

వాళ్ళు వచ్చేశారు, ఆటో హారన్ కొడుతున్నారు. మామిడి తొక్కు నీలం మూత డబ్బా, చింతకాయది తెల్లది, తెల్లదాంట్లో కారం ఎక్కువ. బాపుకు ఈ రాత్రే ఫోన్ చెయ్యి, బండి అమ్మట్లేదని నీ నోటితో నువ్వే చెప్పు. ఉంటా.