ఆ ఛానెల్‌లో మా సరంగుల మాట కూడా వినబడాలి: కేంద్ర నౌకాయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఓడరేవులు, నౌకాయానం, జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లోని సైనిక్‌పురిలో ఉంటాను. ఇక్కడి నుంచి సముద్రం రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైమాటే. అయినా మా ముందుగదిలో ఒక ఓడ గడియారం ఉంది. దాని ముఖం మీద ఎర్ర ముక్కలు రెండు, ఆకుపచ్చ ముక్కలు రెండు గీసి ఉంటాయి. ఇంటికొచ్చిన పిల్లలు అవేమిటని అడుగుతారు. గంట దాటాక 15వ నిమిషం నుంచి 18 దాకా, మళ్లీ 45 నుంచి 48 దాకా, ఏ సముద్రంలో ఉన్న ఓడైనా సరే 500 కిలోహెర్ట్జ్ రేడియో మీద మోర్స్ సంకేతాలు కొట్టడం ఆ రోజుల్లో ఆపాల్సి ఉండేది. ఎర్ర ముక్కలు అందుకు. ఆకుపచ్చవి 2182 కిలోహెర్ట్జ్ మీద మాటలు ఆపడానికి. ఎక్కడో ఎవరో ఆపదలో సన్నగా పిలుస్తుంటే ఆ పిలుపు వినబడాలని ప్రపంచమంతా మూడు నిమిషాలు నోరు కట్టుకునేది. మర్చంట్ నేవీలో రేడియో ఆఫీసరుగా పనిచేసినన్నాళ్లూ ఆ మూడు నిమిషాలు హెడ్‌ఫోన్ చెవులకు అదిమి పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను.

1999 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలతో నడిచే కొత్త ఆపద సమాచార వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఓడల్లో మా ఉద్యోగం పోయింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, ఆ వ్యవస్థ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ తీరం దగ్గర, ఓడలూ బోట్లూ ఒకే నీళ్లలో ఇరుకున నడిచేచోట, ఇప్పటికీ ప్రమాదం తప్పించేది మనిషి గొంతే. ఆ గొంతు వీహెచ్‌ఎఫ్ అనే, దగ్గరి దూరాలకు మాట మోసే రేడియో ఛానెళ్ల మీద నడుస్తుంది. వాటిని మన తూర్పు తీరంలో ఎలా పంచాలో, ఎవరు కాపలా కాయాలో, చేపల బోట్లు నడిపే సరంగుల మాట వాటి మీద ఎలా వినబడాలో మీకు చెప్పుకోవాలని రాస్తున్నాను.

ఈ లేఖ చదివే మామూలు పాఠకుల కోసం ఒక్క మాట. ఛానెల్ 16 అంటే 156.8 మెగాహెర్ట్జ్. ఆపదలో పిలవడానికీ, మొదటి పలకరింపుకీ అది అందరిదీ. పలకరించుకున్నాక ఇద్దరూ వేరే ఛానెల్‌కు తప్పుకోవాలి. 13 ఒక ఓడ బ్రిడ్జి (ఓడను నడిపే గది) నుంచి మరో ఓడ బ్రిడ్జికి దారి మాటల కోసం. 70 యంత్రాలు పంపుకునే ఆపద సంకేతాలది, దాని మీద నోరు విప్పకూడదు. 12, 14 లాంటివి చాలాచోట్ల రేవుల పనికి వాడతారు. వీటన్నిటి పట్టిక అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో నిబంధనల 18వ అనుబంధంలో ఉంది. ఊరందరికీ ఒకే బావి ఉన్నట్టు, ప్రపంచంలోని ఓడలన్నిటికీ ఈ గుప్పెడు ఛానెళ్లే.

ఈ బావికి ఒక గుణముంది, అది తెలియకపోతే మిగతాదంతా అర్థం కాదు. వీహెచ్‌ఎఫ్ మాటలు ఎఫ్‌ఎం పద్ధతిలో వెళతాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటలూ కలగాపులగంగా వినబడతాయనుకుంటాం. అలా జరగదు. బలమైన సంకేతం బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. 25 వాట్లతో ఒక ఓడవాడు పక్క ఓడ మిత్రుడితో క్షేమసమాచారాలు మాట్లాడుతుంటే, చిన్న సెట్టుతో "మునిగిపోతున్నాం" అని అరిచే మనిషి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. పైగా ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే వెళతాయి. రెండు పెద్ద ఓడల యాంటెన్నాలు నీటికి 36 మీటర్ల ఎత్తున ఉంటే 27 నాటికల్ మైళ్ల దాకా మాట అందుతుంది. నాలుగు మీటర్ల ఎత్తున్న రెండు బోట్లకు తొమ్మిది మైళ్లే. పెద్దవాడు మాట్లాడితే చుట్టుపక్కల రేవులన్నీ వింటాయి, చిన్నవాడి మాట వాడి చుట్టూనే ఆగిపోతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. తూర్పు తీరంలోనే ఒక రేవు. తెల్లవారుజామున మేం, రేవులోకి దారి చూపే పైలట్ ఓడ ఎక్కే చోటుకి చేరుతున్నాం, లోపలి నుంచి మరో ఓడ బయటికి వస్తోంది. సరిగ్గా అప్పుడు రేవు ఛానెల్ మీద ఎవరి సెట్టులోనో మైకు బటన్ నొక్కుకుపోయింది. ఇంజిన్ చప్పుడు, గిన్నెల మోత, ఎవరో దగ్గడం, అంతే. ఇరవై నిమిషాలు ఆ మోత తప్ప ఇంకేమీ లేదు. మేం పిలిస్తే రేవుకు వినబడదు, రేవు పిలిస్తే మాకు వినబడదు. ఎదురోడకు ఏం చెప్పారో తెలియదు. మా కెప్టెన్ వేగం తగ్గించి, ఓడ హారన్ మోగిస్తూ, ఎదుటి దీపాలు చూసుకుంటూ కుడికి తిప్పాడు. గుద్దుకోకుండా బయటపడ్డాం. ఆ బటన్ ఎవరిదో ఆ రోజు ఎవరూ కనుక్కోలేదు. కనుక్కునే ఏర్పాటే అక్కడ లేదు. ఏ దిక్కు నుంచి సంకేతం వస్తోందో చూపించే యాంటెన్నాలు ఖరీదైనవేమీ కావు మంత్రి గారూ, ఓడల రాకపోకలు నియంత్రించే ప్రతి కేంద్రంలోనూ అవి ఉండి తీరాలి.

ఇప్పుడు అసలు విషయం. మనం ఛానెళ్లను రేవుల వారీగా చూస్తున్నాం. సముద్రం రేవుల వారీగా లేదు. విశాఖపట్నం పోర్టు కేంద్రం కింద ఉన్న మేజర్ పోర్టు. దాన్ని ఆనుకున్నంత దగ్గరగా ఉన్న గంగవరం రాష్ట్ర మారిటైమ్ బోర్డు పరిధిలోది. కాగితం మీద ఇద్దరు యజమానులు. నీళ్ల మీద మాత్రం రెండింటికీ వచ్చే ఓడలు ఒకదాని దారిలోకి ఒకటి వస్తాయి, మధ్యలో ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లే వందలాది బోట్లు. పక్క రేవు ఓడతో ఎవరేం మాట్లాడారో ఈ రేవుకు వచ్చే కెప్టెన్‌కు కూడా వినబడాలి కదా.

2010 ఆగస్టు 7న ముంబైలో ఏం జరిగిందో మీ శాఖకు నేను చెప్పక్కర్లేదు. జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు నుంచి ఎంఎస్‌సీ చిత్రా బయటికి వస్తోంది, ముంబై పోర్టుకు ఖలీజియా 3 లోపలికి వెళుతోంది. రేవులు రెండు, దారి ఒకటి. పట్టపగలు గుద్దుకున్నాయి. వందల కంటెయినర్లు నీళ్లలో తేలాయి, చమురు ఒడ్డుకు కొట్టుకొచ్చింది, రెండు రేవులకూ రాకపోకలు కొన్ని రోజులు ఆగిపోయాయి.

ఇలాంటి దెబ్బ తిన్నాక అమెరికా వాళ్లు ఏం చేశారో చూడండి. 1971 జనవరి 18న పొగమంచులో శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన దగ్గర రెండు చమురు ఓడలు ఢీకొన్నాయి. ఒడ్డున రాడార్ ముందు కూర్చున్న మనిషికి రెండూ కనబడుతూనే ఉన్నాయి. ఒక ఓడకు విషయం చెప్పగలిగాడు, రెండోదాన్ని ఎంత పిలిచినా పలకలేదు. కనబడుతున్నా చెప్పలేకపోయిన ఆ మనిషి బాధ నాకు అర్థమవుతుంది. అదే ఏడాది ఓడ బ్రిడ్జి మీద ఒక నిర్ణీత ఛానెల్ తప్పనిసరిగా వింటూ ఉండాలని అక్కడ చట్టం చేశారు.

సింగపూర్ జలసంధిలో ఇంకా బాగా చేశారు. అక్కడ ఛానెల్ రేవుది కాదు, నీళ్లది. జలసంధిని సెక్టార్లుగా కోశారు. ఏడో సెక్టారులో 73, ఎనిమిదిలో 14, తొమ్మిదిలో 10. గీత దాటగానే ఏ దేశపు ఓడైనా, ఏ రేవుకెళ్లేదైనా ఛానెల్ మార్చుకోవాలి. ఒకే నీళ్లలో ఉన్నవాళ్లందరూ ఒకే మాట వింటారు. విశాఖ–గంగవరం నీళ్లకు ఇదే పద్ధతి పెట్టమని నా మొదటి విన్నపం. కాకినాడ దగ్గర కూడా అంతే. 2025 పోర్టుల చట్టం కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఒకచోట కూర్చోబెట్టే సముద్రతీర రాష్ట్రాల అభివృద్ధి మండలికి చట్టబద్ధత ఇచ్చింది. ఈ పనికి అంతకంటే తగిన వేదిక లేదు. స్పెక్ట్రమ్, అంటే రేడియో తరంగాల కేటాయింపు, కమ్యూనికేషన్ల శాఖది కాబట్టి వాళ్లను కూడా అదే బల్ల దగ్గరికి పిలవండి.

అయితే ఓడలన్నిటినీ ఒక ఛానెల్ మీదికి తెచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. మాది ఉత్తరాంధ్రలో సముద్రం ఒడ్డున ఊరు. మా మేనమామ నలభై ఏళ్లు సరంగుగా చేశాడు. నేను ఓడల్లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒకసారి అన్నాడు: "మీ ఓడోళ్లు ఇంగ్లీషులో ఏదో అంటారు, మేం తెలుగులో అరుస్తాం. ఎవుడి మాట ఎవుడు ఇన్నట్టురా?" నా దగ్గర జవాబు లేకపోయింది. ఇవాళ్టికీ లేదు. ఓడల వాళ్లకు 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ప్రామాణిక వాక్యాల పుస్తకం ఇచ్చింది, అది ఇంగ్లీషులో ఉంటుంది. వల నీళ్లలో వేసి ఉన్న బోటు చటుక్కున తిరగలేదు. ఎదురుగా కొండలా వస్తున్న ఓడకు ఆ సంగతి చెప్పడానికి సరంగుకు ఒక ఛానెల్ కావాలి, ఆ ఛానెల్ మీద తెలుగు తెలిసిన మనిషి కావాలి.

మా హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది. సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళతాయి. చేపలు ఎక్కడ దొరుకుతాయో, అలలు ఎంత ఎత్తున లేస్తాయో ఆ సంస్థ మత్స్యకారులకు తెలుగులో చెబుతోంది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న కార్యాలయం తెలుగులో మాట్లాడగలిగినప్పుడు, సముద్రం ఒడ్డునే ఉన్న నియంత్రణ కేంద్రం ఎందుకు మాట్లాడలేదు? ప్రతి షిఫ్టులో తెలుగు వచ్చిన ఆపరేటరు ఒక్కరైనా ఉండాలని రాతపూర్వకంగా ఆదేశించండి. సరంగు తెలుగులో చెప్పింది ఓడకు ఇంగ్లీషులో, ఓడ చెప్పింది సరంగుకు తెలుగులో చేరవేయడం అతని పనుల్లో రాయండి. శ్రీకాకుళం వాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్లెక్కుతారు, అక్కడి తీరంలో కూడా ఈ ఏర్పాటు ఆలోచించండి.

ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు అమర్చే పథకం 2024లో మొదలైంది. మంచి పథకం, నేను దాన్ని తక్కువ చేయను. బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలుస్తుంది, ఆపద కబురు చేరుతుంది. కానీ అర మైలు దూరంలో మీదికొస్తున్న ఓడ బ్రిడ్జి మీద నిలబడ్డ ఆఫీసరుకు ఆ నిమిషంలో వినబడాల్సింది వీహెచ్‌ఎఫ్ గొంతే.

16 మీద మా వాళ్లు కబుర్లు చెప్పుకుంటారని ఓడల వాళ్లు విసుక్కుంటారు. నిజమే, చెప్పుకుంటారు. ఎక్కడ చేపపడిందో, ఎప్పుడు తిరిగొస్తారో మాట్లాడుకోవడానికి వాళ్లకు వేరే చోటుందని ఎవరైనా చెప్పారా? మత్స్యకారులకంటూ రెండు పని ఛానెళ్లు కేటాయించి, ఆ అంకెలు సెట్టు మీదే తెలుగులో అతికించండి. ఆ తర్వాత కూడా 16 మీద కబుర్లు చెబితే జరిమానా వేయండి, నేనే సమర్థిస్తాను.

జరిమానా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసే చవక వాకీటాకీలు బజారులో ఉన్నాయి. ఓడల ఛానెళ్లు మొదలయ్యేది 156 దగ్గర, అంటే ఆ సెట్టుతో ఎవరైనా 16 మీదికి ఎక్కవచ్చు. ఆన్‌లైన్‌లో వీటి అమ్మకంపై వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని హార్బర్ల దగ్గరి దుకాణాల దాకా తీసుకెళ్లండి. ఇదే హైదరాబాద్‌లో సోమాజిగూడలో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఉంది. సరదా కోసం రేడియో పెట్టుకునే కుర్రాడు కూడా పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. ప్రాణాలు పణంగా పెట్టి వేటకెళ్లే సరంగుకు మాత్రం సెట్టు చేతికిచ్చి, మైకు ఎలా పట్టుకోవాలో, ఆపదలో "మేడే" అని ఎలా పిలవాలో చెప్పకుండా పంపిస్తున్నాం.

నేర్పడానికి సమయం లేదనడానికి వీల్లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ సరంగులూ కళాసీలూ జెట్టీ మీదే ఉంటారు. మూడు రోజుల తరగతి చాలు. మొదటి రోజు 16 దేనికో, దేనికి కాదో. రెండో రోజు బోటు పేరు, ఉన్న చోటు, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు అన్నది తడబడకుండా చెప్పడం. మూడో రోజు సెట్టు చేతికిచ్చి, చీకట్లో కూర్చోబెట్టి, చెప్పించడం. పరీక్ష తెలుగులో, నోటితోనే పెట్టాలి. చదువు రాలేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు.

వచ్చే ఏప్రిల్ 15న విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మొదటి తరగతి పెట్టించండి. పాఠం చెప్పడానికి నా ఖర్చులతో నేనొస్తాను. గోడకున్న ఆ గడియారం కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రేడియో ఆఫీసరు
సైనిక్‌పురి, హైదరాబాద్