తిరుపతి ఎండకు ఉప్పునీటి అక్వేరియం నిలవాలంటే

సంపాదకులకు,

ఇంటి అలంకరణ పేజీల్లో పగడాలు, రంగుల చేపలతో ఉప్పునీటి అక్వేరియం బొమ్మలు తరచూ వస్తున్నాయి. వాటిని చూసి తిరుపతి, చిత్తూరు వాళ్లు కొందరు అంగడికి పోయి తొట్టి, ఉప్పు, రాళ్లు, చేపలు అన్నీ ఒకే రోజు కొనుక్కొస్తున్నారు. నెల తిరక్కముందే చేపలు పోతాయి. మాకు అచ్చిరాలేదని సరిపెట్టుకుంటారు. అచ్చిరావడం ఏమీ లేదు. ఈ ప్రాంతంలో ఉప్పునీటి తొట్టిని చంపేవి నీళ్లు, ఎండ, కరెంటు కోత. డబ్బు ముందు వీటి మీద పెట్టి, మిగిలితే చేపలు కొనాలి. అంగళ్లలో చెప్పే వరస దీనికి తలకిందులు.

ఇంట్లో తాగే ఆర్వో మిషను నీళ్లు చాలంటారు. చాలవు. తాగడానికి రుచి ఉండాలని ఆ మిషన్లలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ పెట్టి కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతారు, లేదా ఖనిజాల కాట్రిడ్జి బిగిస్తారు. పైగా ఇప్పుడు రాగి కలిపే మిషన్లు కూడా అమ్ముతున్నారు. చేపల జబ్బుకు మందుగా వేసే మోతాదు, అంటే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి ఉన్నా రొయ్యలు, నత్తలు, పగడాలు బతకవు. రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకిన రాగి ఆ తర్వాత కూడా మెల్లగా నీటిలోకి వదులుతూనే ఉంటుంది. క్యాన్ నీళ్లది మరీ అన్యాయం, ఒక్కో ప్లాంటుది ఒక్కో లెక్క. నీటిలో మిగిలిన సిలికేటు వల్ల ఇసుక మీద గోధుమ రంగు పొర కడుతుంది, ఫాస్ఫేటు ఉంటే రాళ్ల మీద పచ్చటి నాచు జుట్టులా పెరుగుతుంది. ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి బిగించి, టీడీఎస్ సున్నా చూపే నీళ్లే వాడాలి. మీటరు 1, 2 చూపడం మొదలైతే రెసిన్ అయిపోవచ్చిందని అర్థం. కార్పొరేషన్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పీల్చే కార్బన్ ఫిల్టరు ముందుండాలి, లేకుంటే ఆర్వో పొర దెబ్బతింటుంది.

కల్లుప్పు పనికిరాదు. అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి, పగడాలకు అవి కావాలి. అందుకే పగడాల తొట్ల కోసం తయారుచేసే ఉప్పు, రీఫ్ సాల్ట్ కొనాలి. లీటరుకు 36 నుంచి 38 గ్రాములు, అంటే 100 లీటర్లకు మూడుముప్పావు కిలోల దాకా పడుతుంది. నీళ్లలో ఉప్పు వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది. చిన్న మోటారుతో రాత్రంతా తిప్పి, తెల్లారాక కొలవాలి. సాంద్రత (మంచినీటితో పోలిస్తే బరువు) 1.025-1.026, లవణీయత (కిలో నీటిలో ఉప్పు గ్రాములు) 35 ఉండాలి. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 లవణీయత ఉన్న ద్రావణంతో సరిచూసుకోవాలి. మామూలు నీటితో సున్నా దగ్గర సరిచేస్తే 35 దగ్గర తప్పు చూపవచ్చు. తూపిలిపాళెం నుంచో చెన్నై నుంచో క్యాన్లలో సముద్రపు నీళ్లు తెస్తే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. ఈశాన్య రుతుపవనాల వానలకు ఏటి నీళ్లు కలిసి ఒడ్డున లవణీయత పడిపోతుంది, బురద, మురుగు సరేసరి. పులికాట్ సరస్సు నీళ్ల ఊసే వద్దు.

తొట్టి చిన్నదైతే పని తేలికనుకుంటారు. 50 లీటర్ల తొట్టిలో ఒక చేప చచ్చినా, ఒక పూట ఎండ తగిలినా నీరంతా మారిపోతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి 250 లీటర్లు పడుతుంది. రాళ్లు, స్టాండుతో కలిపి బరువు 350 కిలోలకు తగ్గదు కాబట్టి మేడ మీదైతే గోడ వారగా, దూలం ఉన్న చోట పెట్టాలి.

ఎండాకాలంలో ఇలాంటి తొట్టి నుంచి రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి. పోయేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. రాళ్లు పోను అసలు నీరు 220 లీటర్లు అనుకుంటే, రోజుకు 4 లీటర్ల చొప్పున వారం పోయకుండా వదిలితే 35 ఉన్న లవణీయత 40కి చేరుతుంది. తగ్గిన నీటిని ఉప్పునీటితో నింపినా అంతే నష్టం, చాలామంది చేసేది ఇదే. పైన పోసేది ఎప్పుడూ సున్నా టీడీఎస్ మంచినీరే.

నీటి వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి కొన్నాళ్లు ఉంటే పగడాలు తమలో ఉండే సూక్ష్మ నాచును వదిలేసి తెల్లబడతాయి, నీటిలో ఆక్సిజనూ తగ్గుతుంది. నీటి మీద ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ బయట 42 ఉన్న మే నెలలో అది చాలదు. నీటిని చల్లబరిచే చిల్లరు కొనాలి, లేదా ఆ గదిలో పగలంతా ఏసీ నడవాలి. చిల్లరును స్టాండు అరలో మూసిపెడితే తాను వదిలే వేడిగాలినే మళ్లీ పీల్చుకుని మొరాయిస్తుంది. వెనుక జానెడు ఖాళీ, గాలి తిరిగే చోటు ఉండాలి.

కరెంటు పోయినప్పుడు ముందు ఇబ్బంది వేడి కాదు, ఊపిరి. నీటి కదలిక ఆగితే ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. చిల్లరు ఇంటి ఇన్వర్టరు మీద నడవకపోయినా పరవాలేదు, నీటిని కదిలించే 20 వాట్ల వేవ్ మేకర్ నడిస్తే చాలు; 150 ఏహెచ్ బ్యాటరీ దాన్ని ఒక రోజు దాకా లాగుతుంది. ఇంకొకటి: పంపు ఆగగానే పైతొట్టి నీరు పైపు గుండా వెనక్కి కింది సంప్ తొట్టిలోకి జారుతుంది. సంప్‌లో చోటు లేకపోతే హాలంతా ఉప్పునీరే. నీరు పైకి వచ్చే పైపు మూతి నీటి మట్టానికి కాస్తే కిందుండాలి. బిగించిన రోజే పంపు ఆపి, నీరు ఎంతవరకు దిగుతుందో చూసుకోవాలి.

ఇవన్నీ కుదిరాక కూడా చేపలకు తొందరపడొద్దు. ఎండు రాయి, ఇసుక వేసి, అమ్మోనియం క్లోరైడుతో అమ్మోనియాను లీటరుకు 2 మిల్లీగ్రాములకు తెచ్చి, దాన్ని తిని ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చే నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా పోయాలి. అంత అమ్మోనియా ఒక్క రోజులో సున్నా అయి, నైట్రైటూ సున్నా చూపే దాకా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి, మంచినీటి తొట్టిలో చేప ఓర్చుకునే అమ్మోనియా ఇక్కడ దాన్ని చంపేస్తుంది. తర్వాత నత్తలు, ఆ పైన ఒక జత క్లౌన్ చేపలు వేసుకోవచ్చు. తొట్టిలో పుట్టి పెరిగినవే అడగాలి. క్లౌన్ చేపల పెంపకం పద్ధతిని మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) ఎప్పుడో సాధించింది.

చెన్నై కొళత్తూరు చేపల అంగళ్ల నుంచి చేపలు తెచ్చుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. పురుగులు రాకుండా కొన్ని అంగళ్లు చేపలను 1.018, 1.020 సాంద్రతలో ఉంచుతాయి. అలాంటి చేపను నేరుగా 1.025లో వదిలితే ఒంట్లో నీరు కోల్పోయి దెబ్బతింటుంది. అంగట్లోనే సాంద్రత అడిగి, ఇంటి దగ్గర విడి తొట్టిని దానికి సమంగా సిద్ధం చేసి, నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచాలి. మూడు నాలుగు గంటలు ప్రయాణించిన సంచి నీటిలో అమ్మోనియా చేరి ఉంటుంది. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో ఆ అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే సంచిని మూతి విప్పకుండా పావుగంట నీటిపై తేల్చి, విప్పిన వెంటనే చేపను మాత్రం తీసి వదలాలి, సంచి నీరు పారబోయాలి. నెల రోజులు విడిగా ఉంచాకే అసలు తొట్టిలోకి. తెల్లమచ్చల తెగులు ఒకసారి అందులోకి దిగితే, చేపలన్నీ తీసేసి రెండున్నర నెలలు ఖాళీగా ఉంచాల్సిందే.

చట్టం మాట అంగళ్లలో ఎవరూ ఎత్తరు. రీఫ్‌లు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. పులి ఉన్న షెడ్యూలు అది. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ అన్నా పగడపు గూడే, చచ్చిన ముక్కకూ చట్టం వర్తిస్తుంది. సిమెంటుతో పోసిన రాయి ఏడాదిలో అంతే అందంగా రంగు పట్టుతుంది. అలంకరణ పేజీల్లో గట్టి పగడాల బొమ్మ వేసినప్పుడు పక్కన ఈ సంగతి రెండు పంక్తుల్లో అచ్చువేయమని మీ పత్రికను కోరుతున్నాం.

మెత్తని పగడాలుగా అమ్మేవాటిలో జోవాంథిడ్లు ఎక్కువగా దొరుకుతాయి, తేలిగ్గా పెరుగుతాయి. కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. తొడుగులు, కళ్లద్దాలు లేకుండా కోయొద్దు, అవి అంటుకున్న రాయిని శుభ్రం చేయడానికి వేడినీళ్లలో ఉడికించొద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు విదేశాల్లో ఉన్నాయి.

ఉప్పునీటి అక్వేరియంలు నడిపే కొందరు పాఠకులు,
తిరుపతి