వార్షిక నివేదిక: టాక్ ప్రపోజల్స్‌ని షీట్‌లోకి దించే మన టూల్

సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, కాలేజీల్లో వర్క్‌షాపులు ఈ ఏడాదీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదువుతారు. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మన వాలంటీర్లు రాసిన చిన్న కమాండ్‌లైన్ టూల్ గురించి. కాన్ఫరెన్స్‌కి వచ్చిన టాక్ ప్రపోజల్స్ అన్నిటినీ ఒక్క కమాండ్‌తో స్ప్రెడ్‌షీట్‌లోకి దించడం దాని పని.

ప్రపోజల్స్ మనం ప్రీటాక్స్ (pretalx) అనే కాన్ఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌లో తీసుకుంటాం. సమీక్ష కూడా అందులోనే చేయొచ్చు. అయినా మన సమీక్షకుల్లో చాలామందికి షీట్ చేతిలో ఉంటేనే పని సాగుతుంది. రైల్లో, నెట్ లేని చోట చదువుకుంటారు, పక్క కాలమ్‌లో తమ అభిప్రాయం రాసుకుంటారు. నిరుటి దాకా ఎవరో ఒకరు కూర్చుని కాపీ, పేస్ట్ చేసేవారు. గడువు రాత్రి వచ్చిపడే ప్రపోజల్స్‌తో ఆ షీట్ తెల్లారేసరికి పాతబడిపోయేది.

పైథాన్‌లో రాసిన మొదటి వెర్షన్‌లో పెద్ద పొరపాటే జరిగింది. ప్రీటాక్స్ సర్వర్ ప్రపోజల్స్ అన్నీ ఒకేసారి ఇవ్వదు, పేజీలుగా ఇస్తుంది. ప్రతి జవాబులో తర్వాతి పేజీ లింక్ ఉంటుంది. మన స్క్రిప్టు మొదటి పేజీ తెచ్చి ఆగిపోయింది. ఎర్రర్ రాలేదు కాబట్టి ఎవరికీ అనుమానమూ రాలేదు. ఒక వక్త "నా టాక్ అందిందా అండీ?" అని అడిగితే వెతికాం, షీట్‌లో లేదు. సమీక్ష ఇంకా మొదలుకాలేదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు సర్వర్ చెప్పిన మొత్తానికీ, షీట్‌లోని వరుసలకీ తేడా వస్తే టూల్ అసలు ఫైలే రాయదు.

అంతకన్నా టెన్షన్ పెట్టినవి తెలుగు శీర్షికలు. తెలుగు టాక్‌లు చూసే మాస్టారు ఫోన్ చేసి, "బాబూ, టాక్‌ల పేర్లన్నీ పిచ్చి గీతల్లా వస్తున్నాయేంటి?" అన్నారు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. మనం పంపిన సీఎస్‌వీ ఫైలును (గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలు) తెరిచిన ఎక్సెల్ ఆ బైట్లను వేర్వేరు లాటిన్ అక్షరాలుగా చదివేసింది. ఇది యూటీఎఫ్-8 ఫైలు అని చెప్పే బామ్ (BOM) అనే మూడు బైట్ల గుర్తు ఫైలు మొదట్లో పెట్టాక సరిగ్గా చదివింది. ఆ రాత్రి మాస్టారు 'అక్షరదోషాల దిద్దుబాటు' అన్న శీర్షికను ఒత్తులతో సహా ఫోన్‌లో చదివి వినిపించారు. ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన ఫోన్ అది.

తర్వాత కోడ్‌ల సంగతి. ప్రతి ప్రపోజల్‌కీ అంకెలు, అక్షరాలు కలిసిన కోడ్ ఉంటుంది. అంకెల మధ్యలో ఇంగ్లిష్ 'ఈ' ఒక్కటే పడితే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని మార్చేస్తుంది. సమాన గుర్తుతో మొదలైన గడిని ఫార్ములా అనుకుంటుంది. అందుకే సీఎస్‌వీ మానేసి నేరుగా ఎక్సెల్ ఫైలే రాస్తున్నాం, ప్రతి గడినీ టెక్స్ట్‌గా గుర్తుపెట్టి.

సమీక్షకుల షీట్‌లో వక్త పేరు, ఈమెయిల్, ఫోన్ నంబరు రావు. అవి కావాలంటే కమాండ్‌లో విడిగా అడగాలి, అదీ కార్యవర్గానికే. దీనిపై కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. కానీ మొదటిసారి మాట్లాడబోయే అమ్మాయి ప్రపోజల్, పేరున్న సీనియర్ ప్రపోజల్ ఒకే కంటితో చదవాలంటే ఇదే దారి అని నా గట్టి నమ్మకం. కాన్ఫరెన్స్ అయ్యాక వివరాలున్న ఫైళ్లన్నీ తుడిచేశాం.

విండోస్‌లో టూల్ ఇన్‌స్టాల్ చేసే పద్ధతి తెలుగులో రాయాల్సి ఉంది. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ ఎప్పుడూ తెరవని సభ్యులే దాన్ని చదివి ఎక్కడ ఆగిపోయారో చెబితే మాకు ఎక్కువ ఉపయోగం. వచ్చే సమావేశానికి మీ ల్యాప్‌టాప్ తీసుకురండి.

— కార్యదర్శి