కొలత పరికరం కొనాలంటే చెన్నై వెళ్లాల్సిందేనా?

సంపాదకుల గారికి,

నమస్కారం. తిరుపతి చుట్టూ గాజులమండ్యం, కరకంబాడి మొదలుకొని శ్రీసిటీ దాకా ఇన్ని పరిశ్రమలు వచ్చినా, ఒక టర్నరు గానీ ఫిట్టరు గానీ వెర్నియర్ కాలిపర్‌ను (దవడల మధ్య వస్తువును పట్టి కొలిచే పరికరం), అంతకంటే సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటరును చేతిలోకి తీసుకుని, పరీక్షించి, నమ్మకంగా బిల్లుతో కొనుక్కోగలిగే అంగడి మన ఊళ్లో దొరకడం గగనంగా ఉంది. రేణిగుంట రోడ్డులో లేత్ వర్క్‌షాపు నడుపుకుంటున్నవాడిగా ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా వ్యాపారుల దృష్టికి, అధికారుల దృష్టికి తీసుకురాదలచాను.

మన హార్డ్‌వేర్ అంగళ్లలో స్పానర్లకు, డ్రిల్ బిట్లకు కొదవ లేదు. వెర్నియర్ అడిగితే మాత్రం అద్దాల బీరువాలోంచి ఒకటి రెండు పెట్టెలు బయటికి వస్తాయి. వాటిలో ఒకదాని మీద పేరుమోసిన జపాన్ కంపెనీ పేరు ఉంటుంది, ధర చూస్తే అసలు సరుకులో నాలుగో వంతు కూడా ఉండదు. మిటుటోయో పేరుతో నకిలీ కాలిపర్లు అమ్ముడవుతున్నాయని ఆ కంపెనీయే కొనుగోలుదారులను హెచ్చరిస్తోంది. అటువంటి సరుకు తెలియక కొన్న కుర్రవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. ఐటీఐ పూర్తిచేసి మొదటి జీతంతో కొన్న పరికరమే తప్పుడు కొలత చూపిస్తే, పని పాడైనప్పుడు మాట పడేది ఆ కుర్రవాడే.

కొద్దిపాటి తేడాకు ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చెబుతాను. వ్యవసాయానికి వాడే చిన్న మోనోబ్లాక్ మోటార్లలో తరచుగా కనిపించే 6205 బేరింగ్ లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు. అది షాఫ్టు మీద సరిగ్గా కూర్చోవడానికి సాధారణంగా పాటించే కె6 ఫిట్ (షాఫ్టు సైజు ఏ హద్దుల్లో ఉండాలో చెప్పే ప్రమాణం) ప్రకారం షాఫ్టు సైజు 25.002 నుంచి 25.015 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంటే మనకున్న వెసులుబాటు మొత్తం 0.013 మిల్లీమీటరు. మామూలు వెర్నియర్‌లో ఒక్క గీత విలువే 0.02. వెర్నియర్ పట్టి ఆ షాఫ్టు సరిపోయిందని చెప్పడం కుదరని పని. దానికి మైక్రోమీటరే కావాలి, అందులోనూ 0.001 దాకా చదవగలిగినదైతే మేలు. కొలత తగ్గితే బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద జారి తిరుగుతూ దాన్ని అరగదీస్తుంది, ఎక్కువైతే బేరింగ్ బిగుసుకుని వేడెక్కుతుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజను మధ్యలో యంత్రం ఆగితే ఎంత సరుకు పాడవుతుందో చిత్తూరు జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

డిజిటల్ కాలిపర్లతో మరో చిక్కు ఉంది. తెర మీద 0.01 దాకా అంకెలు కనిపిస్తాయి కనుక కొలత కూడా అంత కచ్చితమని చాలామంది నమ్ముతున్నారు. మంచి కంపెనీ తయారుచేసిన 150 మిల్లీమీటర్ల డిజిటల్ కాలిపర్‌కు కూడా ఇటూ అటూ 0.02 తేడా రావచ్చని ఆ కంపెనీయే రాసి ఇస్తుంది. చౌక సరుకులో ఆ తేడా ఎంతో చెప్పే నాథుడే ఉండడు.

కొనే ముందు అంగట్లోనే చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. కాలిపర్ దవడలను మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా మూసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. సందులోంచి వెలుగు కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేయాలి. ఒకే వస్తువును దవడల మొదట్లో ఒకసారి, కొసన ఒకసారి కొలిస్తే రెండు కొలతలూ కలవాలి. స్లైడు ఆ చివర నుంచి ఈ చివర దాకా వదులు లేకుండా, ఎక్కడా పట్టకుండా కదలాలి. మైక్రోమీటరైతే ర్యాచెట్ (ఎప్పుడూ ఒకే ఒత్తిడి పడేలా చూసే కొసన ఉండే పిడి) తిప్పి సున్నా చూసుకోవాలి. 25 నుంచి 50 సైజు వంటివాటికి సున్నా సరిచూసే ప్రామాణిక కడ్డీ పెట్టెలోనే ఉండాలి. అయితే సున్నా దగ్గర సరిగ్గా ఉన్నంత మాత్రాన 100 మిల్లీమీటర్ల దగ్గర సరిగ్గా ఉంటుందన్న భరోసా లేదు. ఆ సంగతి తేల్చేవి స్లిప్ గేజీలే, అంటే కచ్చితమైన సైజుకు తయారుచేసిన ప్రామాణిక దిమ్మెలే. అమ్మేవారు పూర్తి సెట్టు కొననక్కర్లేదు. తెలిసిన సైజుల్లో మూడు నాలుగు ముక్కలు కౌంటరు మీద ఉంచి కొనేవాడి కళ్ల ముందే కొలిచి చూపిస్తే, ఆ అంగడికి జిల్లా అంతటి నుంచీ గిరాకీ వస్తుందని నా గట్టి నమ్మకం.

ప్రస్తుతం మాలో చాలామంది చెన్నై ప్యారిస్ కార్నర్ పక్క వీధుల్లోనే కొంటున్నాం. మదనపల్లె వైపు వారు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్తారు, హైదరాబాదులో పని ఉన్నవారు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో చూసుకుంటారు. అక్కడైనా కంపెనీ అధీకృత డీలరో కాదో కనుక్కుని, జీఎస్టీ బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోవడం మంచిది. జపాన్ సరుకే కావాలన్న నియమం ఏమీ లేదు. పుణేలోని బేకర్ డయల్ గేజీలు మన దేశంలో ఏళ్లుగా మన్నికగా పనిచేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో కొనేవారు వాపసు గడువు ముగిసేలోగా పరికరాన్ని స్లిప్ గేజీల మీద పరీక్షించుకోవాలి.

అసలు ఇబ్బంది ఆ పరీక్ష దగ్గరే వస్తోంది. పెద్ద ఫ్యాక్టరీల నుంచి ఆర్డరు కావాలంటే మా పరికరాలకు కాలిబ్రేషన్ సర్టిఫికెట్, అంటే ప్రమాణాలతో పోల్చి సరిచూసినట్టు ధ్రువపత్రం, చూపించాలి. పెట్టెలో వచ్చే తనిఖీ చీటీ దానికి సాటిరాదు. అది ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చినదై, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణాలకు ముడిపడినదై ఉండాలి. పొడవు కొలతలకు అంతర్జాతీయంగా పాటించే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు కనుక, మే నెలలో మన రేకుల షెడ్డులో కూర్చుని చేసుకునే పని కాదది. చిన్న వర్క్‌షాపు వాడు నాలుగు మైక్రోమీటర్లు సంచిలో వేసుకుని ఏటా చెన్నై వెళ్లి, అవి చేతికి వచ్చేదాకా పని ఆపుకోవలసి వస్తోంది.

ఇంజినీరింగ్ కళాశాలల్లో, పాలిటెక్నిక్‌లలో పాఠ్యాంశంగా మెట్రాలజీ (కొలతల శాస్త్రం) ల్యాబులు నడుస్తున్నాయి. వాటిలో స్లిప్ గేజీలు, కొలతలకు ఆధారంగా వాడే చదునైన సర్ఫేస్ ప్లేట్లు ఉంటాయి. వారానికి ఒక పూటైనా తక్కువ రుసుముతో చిన్న వర్క్‌షాపుల పరికరాలను అక్కడ సరిచూసి ఇస్తే మాకు కొండంత అండ, విద్యార్థులకు నిజమైన పని మీద చేయి తిరుగుతుంది. అక్కడ ఇచ్చే సర్టిఫికెట్ ఫ్యాక్టరీలకు చెల్లకపోవచ్చు గానీ, పరికరం మంచిదో కాదో తెలుసుకోవడానికి చాలు. గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ కోసం జిల్లా పరిశ్రమల కేంద్రం వారు చొరవ తీసుకుని, హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వంటి వారితో మాట్లాడి, ఏడాదికి రెండుసార్లు తిరుపతిలో పరికరాలు సేకరించి తిరిగి అందజేసే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. మొదటి విడతకు మా పరికరాల జాబితా ఇవ్వడానికి రేణిగుంట రోడ్డు వర్క్‌షాపుల వాళ్లం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక లేత్ వర్క్‌షాపు నిర్వాహకుడు,
తిరుపతి.