రంపం మిషన్ ఆయిల్ కారితే పంపు మార్చాల్సిందేనా?

సంపాదకులకు నమస్కారం.

మా నల్గొండ జిల్లా బత్తాయి తోటల్లో ఎండిన చెట్లు తీసేయాలన్నా, మహబూబ్‌నగర్ వైపు చెలకల గెట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మ కొట్టాలన్నా ఇప్పుడు గొడ్డలి పట్టేవాళ్లు తక్కువ, అందరూ పెట్రోల్ రంపం మిషనే తెస్తున్నారు. నేను బత్తాయి రైతును, చుట్టుపక్కల వాళ్ల మిషన్లు బాగుచేసి ఇస్తుంటాను కూడా. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఫిర్యాదులు ఇంజిన్ గురించి కాదు, చైన్ ఆయిల్ గురించే. రాత్రి పెట్టిన చోట పొద్దున్నకి మడుగు కట్టిందని ఒకరు, ట్యాంకు నిండా ఉన్నా చైన్‌కి చుక్క రావట్లేదని ఇంకొకరు. దుకాణానికి తీసుకెళ్తే చాలాచోట్ల మిషన్ విప్పకుండానే "పంపు పోయింది, మార్చాలి" అంటున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

ముందు ఒక సంగతి అందరికీ తెలియాలి. ఈ మిషన్లో రెండు ట్యాంకులుంటాయి, ఒకదాంట్లో టూటీ ఆయిల్ కలిపిన పెట్రోల్, రెండోదాంట్లో చైన్ ఆయిల్. చైన్ ఆయిల్ బండి ఇంజిన్ ఆయిల్ లాగా లోపలే తిరగదు, పంపు దాన్ని బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పలక) మీదికి తోస్తుంది, చైన్ దాన్ని చుట్టూ తిప్పి చివరికి బయటికి చిమ్మేస్తుంది, ఒక్క చుక్క కూడా మళ్లీ ట్యాంకులోకి రాదు. కాబట్టి పని ఆపాక బార్ గాడిలో, చైన్ లింకుల్లో మిగిలింది నాలుగు చుక్కలు కిందికి దిగడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. ట్యాంకు సగం ఖాళీ అయ్యేంత కారితేనే రిపేరు.

అలా కారుతుంటే మిషన్ని గుడ్డతో పూర్తిగా తుడిచి, కింద అట్టముక్క వేసి ఒక రాత్రి వదిలేయండి, మరక ఎక్కడ పడిందో అదే చెప్తుంది. మూత దగ్గరైతే లోపలి రబ్బరు రింగు మీద పొట్టు ఇరుక్కుని ఉంటుంది, లేదా రింగు తెగి ఉంటుంది. మిషన్ కడుపు కింద అంతా తడిగా ఉంటే ట్యాంకు నుంచి పంపుకి పోయే రబ్బరు పైపు పగిలిందో ఊడిందో చూడాలి. ఇక మన దగ్గర ఎండాకాలంలో ఎక్కువ జరిగేది ఇంకోటి ఉంది. ట్యాంకు అంచుదాకా నింపి, మిషన్ని ట్రాలీలోనో రేకుల షెడ్డులోనో వదిలేస్తారు, నలభై దాటిన ఎండకి లోపలి గాలి, ఆయిల్ వేడెక్కి ఉబ్బుతాయి, ఆయిల్ పల్చబడుతుంది, ఆ ఒత్తిడికి దారి దొరికిన చోటల్లా బయటికి తోసుకొస్తుంది. దీనికి మార్చాల్సిన పార్టు ఏదీ లేదు. నీడలో పెట్టాలి, పెట్టేముందు మూత ఒకసారి వదులు చేసి బిగించాలి, నెలల తరబడి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి ఉంచాలి.

కారడం కంటే ఆయిల్ రాకపోవడమే ప్రమాదం. ఆయిల్ లేని చైన్ కాలిపోయేంత వేడెక్కి, సాగి వదులై బార్ మీంచి ఊడొస్తుంది, తెగినా తెగుతుంది, మిషన్ పట్టుకున్నది కూలికి వచ్చిన మనిషైతే ఆ దెబ్బ అతనికే. కొయ్యడం మొదలుపెట్టే ముందు బార్ కొసని తెల్ల అట్ట వైపు, దానికి తగలకుండా జానెడు దూరంలో పెట్టి రేజ్ చేయండి. కాసేపట్లో అట్ట మీద సన్నటి ఆయిల్ గీత పడాలి. ఇంకో లెక్క కూడా ఉంది, మామూలుగా పెట్రోల్ ట్యాంకు అయిపోయేసరికి చైన్ ఆయిల్ కూడా చాలావరకు తగ్గాలి, పెట్రోల్ అయిపోయినా ఆయిల్ అలాగే ఉంటే రావట్లేదనే అర్థం.

గీత పడకపోతే ఇంజిన్ ఆపి, ప్లగ్గు వైరు తీసి, చేతికి గ్లౌజులు వేసుకుని బార్ ఊడదీయండి. బార్ మొదట్లో ఆయిల్ వచ్చే చిన్న రంధ్రం ఉంటుంది, పచ్చి కట్టె పొట్టు, ఆయిల్ కలిసి గట్టిపడి అది మూసుకుపోతుంది. సన్నటి వైరుతో దాన్ని, పాత హాక్సా బ్లేడుతో గాడిని శుభ్రం చేస్తే నేను చూసినంతలో చాలా మిషన్లు అక్కడే బాగవుతాయి. బార్‌ని తిరగేసి బిగించుకోండి, రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. అయినా రాకపోతే ట్యాంకులోని ఫిల్టర్ బయటికి లాగి కడగాలి. ట్యాంకుకి గాలి పీల్చుకునే చిన్న వాల్వు కూడా ఉంటుంది, అది మూసుకుపోతే లోపల గాలి లేక ఆయిల్ కదలదు. మిషన్ ఆపి మూత తీసినప్పుడు గాలి లోపలికి పీల్చిన చప్పుడు వచ్చి, మళ్లీ బిగించి నడిపితే కాసేపు ఆయిల్ వచ్చి ఆగిపోతుందంటే తప్పు ఆ వాల్వుదే. దాన్ని సూదితో పొడవొద్దు, రబ్బరు చిరుగుతుంది. ఆయిల్ ఎక్కువ తక్కువ చేసే స్క్రూ కొన్ని మోడళ్లకి కింది వైపు ఉంటుంది, అదీ చూడాలి. ఇవన్నీ అయ్యాకే పంపు మాట. చౌక మిషన్లలో పంపుని తిప్పే ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగిపోవడం నిజంగానే ఉంది, అప్పుడు కూడా ముందు ఆ గేరు ఒక్కటే దొరుకుతుందేమో అడగండి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది కాలిన ఆయిల్. ట్రాక్టర్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ ఊరికే వస్తుందని ఇందులో పోస్తున్నారు, అమ్మేవాళ్లే కొందరు పోయమని చెప్తున్నారు. అందులో ఇనుప రజను, మసి ఉంటాయి, ఫిల్టర్‌ని పూడుస్తాయి, పంపుని అరగదీస్తాయి, చైన్‌కి అంటుకునే జిగట కూడా దానికి ఉండదు. పైగా చిమ్మిన ప్రతి చుక్కా మన బత్తాయి పాదుల్లో, కోసేవాళ్ల చేతుల మీద, బట్టల మీద పడుతుంది. వాడేసిన ఆయిల్‌ని ప్రమాదకర వ్యర్థంగా చూడాలని 2016 కేంద్ర నిబంధనలే చెప్తున్నాయి. చైన్ ఆయిల్ దొరకని రోజున కొత్త 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ పోసుకుని పని కానివ్వండి, కాలినది మాత్రం వద్దు.

వ్యవసాయ శాఖ వాళ్లు రైతు వేదికల్లో మందుల గురించి, విత్తనాల గురించి చెప్తున్నట్టే ఒకరోజు ఒక రంపం మిషన్ని అందరి ముందు విప్పి చూపించాలని కోరుతున్నాను. అమ్మే దుకాణాలు మిషన్‌తో పాటు తెలుగులో ఒక్క కాగితమైనా ఇవ్వాలి, ఇప్పుడు డబ్బాలో వచ్చే పుస్తకాన్ని మా ఊళ్లో ఎవరూ చదవలేకపోతున్నారు. మీరు కూడా వ్యవసాయం పేజీలో బార్ బొమ్మ వేసి, ఆ ఆయిల్ రంధ్రం ఎక్కడుంటుందో బాణం గుర్తుతో చూపించండి.

ఇట్లు,
ఒక బత్తాయి రైతు,
పెద్దవూర మండలం, నల్గొండ జిల్లా