టన్నులో గ్రాము తీశాక మిగిలేది టన్నే: కేంద్ర గనుల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర బొగ్గు, గనుల శాఖ మంత్రి శ్రీ జి. కిషన్ రెడ్డి గారికి,

నమస్కారం. నేను చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ చెప్పే టీచర్ని. మా అక్కని కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో ఆండర్సన్‌పేటకి ఇచ్చారు. కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో దిగి, అక్కడ మారికుప్పం బండి పట్టుకుని వాళ్లింటికి వెళ్తుంటాను. కోరమండల్, ఊర్గాం, ఛాంపియన్ అంటూ స్టేషన్లు దాటుతుంటే కిటికీలోంచి బూడిద రంగు గుట్టలు కనిపిస్తాయి. పైభాగం కత్తితో కోసినట్టు చదును, పక్కలంతా వానకి కోసుకుపోయిన గాడులు. కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్లు తీసి ఫోటోలు తీసుకుంటారు. అక్కడివాళ్లు మాత్రం కిటికీ దించుకుంటారు.

అవి దేవుడు పెట్టిన గుట్టలు కావు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనుల పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ గనులు మూతపడేదాకా, 120 ఏళ్లపాటు భూమిలోంచి తీసి, పిండి చేసి, బంగారం పిండుకుని పారబోసిన రాయి అది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతు. ఆ గనుల్లోంచి సుమారు 800 టన్నుల బంగారం వచ్చింది. ఊరికి 13 గుట్టలు మిగిలాయి. వాటిలో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల పిండి ఉంది.

ఆ గుట్టల్ని అందరూ సైనైడ్ గుట్టలనే అంటారు. ఆ పేరు వింటేనే జనం జడుసుకుంటారు. పిల్లలకి నేను వేరేగా చెబుతాను. రాయిని మెత్తగా నూరి సైనైడ్ ద్రావణంలో కలిపితే బంగారం అందులో కరుగుతుంది, మిగిలిన బురదని బయటికి పంపేస్తారు. ఆ బురదలోని సైనైడ్ ఎండకీ గాలికీ ఏళ్ల తరబడి చాలావరకు విడిపోతుంది. విడిపోనిది రాయి. ముఖ్యంగా స్ఫటికం, అంటే సిలికా. అది వందేళ్లయినా సిలికానే.

ఆషాఢంలో వెళ్తే తెలుస్తుంది సార్ ఆ సంగతి. ఆ నెల గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గుట్ట మీంచి తెల్లటి తెర లేచి ఊరి మీదికి వాలుతుంది. అక్క బట్టలు ఇంట్లోనే దండెం కట్టి ఆరేస్తుంది. నీళ్ల బిందె మీద పళ్లెం, పళ్లెం మీద తడిగుడ్డ. మిద్దె మీద వడియాలు పెట్టడం మానేసి ఎన్నేళ్లయిందో తనకే గుర్తులేదు. నేను వస్తూ వస్తూ బస్తాలో వడియాలు పట్టుకెళ్తాను. ఒకసారి కిటికీ గట్టు మీది దుమ్ముని కాగితంలో మడిచి తెచ్చి, స్కూల్లో మైక్రోస్కోప్ కింద పెట్టాను. పక్కనే మా వాగు ఇసుక. ఎనిమిదో తరగతి పిల్లలు వరసగా వచ్చి చూశారు. వేలితో తాకి ఒక పాప, "ఇది మొహానికి రాసుకునే పౌడరా మేడం?" అని అడిగింది. అంత మెత్తగా ఉంటుంది మరి. కానీ అద్దం కింద వాగు ఇసుక గుండ్రంగా, నునుపుగా కనిపించింది. ఆ దుమ్ము మాత్రం పగిలిన గాజు ముక్కల్లా ఉంది, ప్రతి రేణువుకీ మొనలే.

మామూలు కంటికి అందని రేణువులే అసలు ప్రమాదం. 10 మైక్రాన్ల కన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందులో ఇంకా సన్నని సిలికా లోపలే ఉండిపోయి మచ్చలు చేస్తుంది. ఆ జబ్బు సిలికోసిస్. వచ్చాక నయం చేసే మందు లేదు. కేజీఎఫ్‌కి అది కొత్త పేరు కాదు. 1940లలో అక్కడి గని కార్మికుల్ని 7 వేలమందికి పైగా పరీక్ష చేస్తే నూటికి 43 మందికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. మన దేశంలో ఈ జబ్బు చరిత్ర రాసినవాళ్లంతా కోలార్ దగ్గరే మొదలుపెడతారు. అది గని లోపల పనిచేసినవాళ్ల లెక్క. గని బయట, గుట్ట కింద కాపురం ఉంటున్నవాళ్ల లెక్క ఎవరు తీయాలి?

ఇక నీళ్లు. కోలార్ ఖనిజంలో కొన్ని చోట్ల సల్ఫైడ్, అంటే లోహంతో కలిసిన గంధకం, ఎక్కువ. ఆర్సెనిక్ అనే విషం ఉన్న ఖనిజమూ ఉంది. సల్ఫైడ్ రాయి భూమి లోపల ఉన్నంతకాలం నిద్రపోతున్నట్టే. పిండి చేసి ఆరుబయట పోస్తే గాలీ వానా తగిలి ఆమ్లం పుడుతుంది. ఆమ్లం లోహాల్ని కరిగించి తనతోపాటు తీసుకుపోతుంది. గుట్టల పక్కన గాడులు చూడండి. ప్రతి వానకీ కొంత మట్టి దిగువకు జారుతుంది. కేజీఎఫ్‌కి ఒకప్పుడు తాగునీళ్లు పాలారు మీదున్న బేతమంగళం నుంచి వచ్చేవి. ఆ పాలారే మా కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడుకి పోతుంది. ఏ బావిలో ఎంత ఆర్సెనిక్ ఉందో, ఏ బోరులో లేదో, ఇంటి గోడ మీద రాసి పెట్టేంత సులువుగా జనానికి తెలియాలి. తెలియకపోతే మంచి నీళ్లని కూడా అనుమానంగా తాగాలి, చెడ్డ నీళ్లని నమ్మకంగా తాగాలి.

మంత్రిగారూ, ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి ఒక కారణం ఉంది. ఆ 13 గుట్టల్లో మిగిలిన బంగారాన్ని మళ్లీ తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. సుమారు వెయ్యి ఎకరాల మీద ఉన్న గుట్టలు. వార్త వచ్చిన రోజు అక్క ఫోన్ చేసి, "గుట్టలు తీసేస్తారంటే, నిజమేనా?" అని సంబరంగా అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఎందుకంటే లెక్క నాకు తెలుసు. ఆ పిండిలో టన్నుకి ఒక గ్రాము అటూ ఇటూ బంగారం ఉంటుందంటారు. టన్నులోంచి ఒక గ్రాము తీస్తే మిగిలేది టన్నే. 3 కోట్ల 30 లక్షల టన్నుల గుట్టని తవ్వి, నీళ్లలో కలిపి, మళ్లీ సైనైడ్ పోసి, బంగారం తీసుకున్నాక కూడా దాదాపు అంత పిండీ ఇంకో చోట గుట్టగా పడుతుంది. కావాలంటే ఇంకా మెత్తగా. ఇన్నేళ్ల ఎండకి విడిపోయిన సైనైడ్ స్థానంలో తాజా సైనైడ్‌తో. కదపకుండా ఉన్న గుట్ట మీద వానలకి గట్టిపడిన పొర కొంతైనా ఉంటుంది. తవ్వితే అదీ పోతుంది. అంటే సరిగ్గా చేయకపోతే మా అక్కవాళ్లకి ఒరిగేదేమీ లేదు, దుమ్ము మాత్రం పెరుగుతుంది.

సరిగ్గా చేస్తే మాత్రం ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు. నేను ఈ పనికి అడ్డం చెప్పడం లేదు, అది మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి. గుట్టని శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చుని గుట్టలోని బంగారమే కొంతైనా భరిస్తుందంటే కాదనేదెవరు? దక్షిణాఫ్రికాలో జొహాన్నెస్‌బర్గ్ చుట్టూ పాత గుట్టల్ని అలాగే మళ్లీ కడిగి బంగారం తీస్తున్నారు, ఊరి మధ్య గుట్టలు మాయమై స్థలాలు ఖాళీ అయ్యాయి. కానీ ఆ మిగిలిన పిండి ఎక్కడికి పోయిందన్న ప్రశ్న అక్కడా ఉంది. మన టెండరులో ఆ ప్రశ్నకి జవాబు మొదటి పేజీలోనే ఉండాలని నా విన్నపం. కడిగిన పిండిలో ఎంత వీలైతే అంత చిక్కబరిచి, సిమెంటు కలిపి, పాత సొరంగాల్లోకి తిప్పి పంపాలి. పట్టనిదాన్ని కింద పొర వేసిన గుంతలో పోసి, పైన మట్టి కప్పి, గడ్డి పట్టేదాకా కాంట్రాక్టరుదే బాధ్యత. ఆ పనికి డబ్బు పని మొదలుకాకముందే బ్యాంకులో పడాలి. బంగారం ధర పడిపోయిన రోజున కంపెనీ సగంలో లేచిపోతే, ఆ డబ్బుతో మిగతా సగం పూర్తి కావాలి. ఈ దేశంలో గనులు మూతపడేది ఖనిజం అయిపోయి కాదు, చాలాసార్లు లెక్క కుదరకే.

ఇక్కడ ఒక తారీఖు చెప్పాలి. గని మూసివేత ప్రణాళిక తప్పనిసరి అని మన ఖనిజ నియమాల్లోకి వచ్చింది 2003లో. కేజీఎఫ్ మూతపడింది 2001లో. రెండేళ్ల తేడా! ఆ రెండేళ్ల వెనక ఉన్న ప్రతి గనీ అనాథే. మా వైపు చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా కేజీఎఫ్‌తోపాటే మూతపడ్డాయి. 2025లో కలుషిత స్థలాల నిర్వహణకి కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది, సంతోషించాను. తీరా చదివితే గనుల వల్ల వచ్చిన కాలుష్యాన్ని మామూలుగా ఆ పరిధి బయటే పెట్టారు, దానికి వేరే చట్టాలున్నాయని. ఆ వేరే చట్టాల్లో 2001 నాటి గని లేదు. జిల్లా ఖనిజ నిధి ఉంది కదా అంటారు. అది 2015 నుంచి, నడుస్తున్న గనులు తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద వచ్చే సొమ్ము. చచ్చిపోయిన గని రాయల్టీ కట్టదు.

డబ్బు లేదంటే నేను నమ్మను సార్. కొత్త ఖనిజాలు వెతకడానికి గనుల వాళ్లు రాయల్టీ మీద అదనంగా 2 శాతం కట్టేవారు, 2025 చట్టసవరణతో దాన్ని 3 శాతం చేశారు. వెతకడానికి నిధి ఉంది, పాతవి కడగడానికి ఎందుకు లేదు? అమెరికాలో 1977లోనే ఒక చట్టం చేశారు. తవ్వే ప్రతి టన్ను బొగ్గు మీదా కొంత రుసుము తీసి, ఎప్పుడో వదిలేసిన గనుల్ని ఆ డబ్బుతో బాగుచేస్తున్నారు. బతికున్న గని చచ్చిన గనికి కర్మ చేస్తుందన్నమాట. మన ఇళ్లల్లో లేని పద్ధతి కాదు.

పైగా మీ చేతుల మీదుగానే 2025 జులైలో బొగ్గు గనుల మూసివేతకి రిక్లెయిమ్ అనే విధానం విడుదలైంది. గని మూసేటప్పుడు ఊరివాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ భూమి ఏం కావాలో తేల్చాలని దాని సారాంశం. అది చదివి నాకు చాలా నచ్చింది. బొగ్గు, గనులు రెండూ మీ దగ్గరే ఉన్నాయి. ఒక చేత్తో బొగ్గుకి చేసినదాన్ని రెండో చేత్తో బంగారానికి చేయమనే అడుగుతున్నాను.

టెండర్లు, పర్యావరణ అనుమతులు, కోర్టులు, ఇవన్నీ తేలేసరికి ఎన్ని ఆషాఢాలు దాటుతాయో. ఈలోపు చేయాల్సినవి పెద్ద ఖర్చు పనులు కావు. ఇళ్లకి దగ్గరగా ఉన్న గుట్టల అంచుల మీద కొబ్బరి పీచు చాపలు పరిచి, కరువుకి తట్టుకునే గడ్డి నాటించండి. గాడుల కింద అడ్డుకట్టలు వేయించి, వానకి జారే మట్టిని అక్కడే ఆపించండి. గాలి రోజుల్లో దుమ్ము కొలిచే యంత్రాలు రాబర్ట్‌సన్‌పేటలో, ఆండర్సన్‌పేటలో, మారికుప్పంలో పెట్టించండి. బావులూ బోర్లూ పరీక్ష చేయించి ఫలితాల్ని కన్నడ, తమిళం, తెలుగు మూడింటిలోనూ వీధి చివర అతికించండి. అక్కడ మూడు భాషలూ ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకుంటాయి.

ఊపిరితిత్తుల పరీక్ష మాత్రం దయచేసి వాయిదా వేయకండి. పాత కార్మికుల్లో బతికున్నవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. సిలికోసిస్‌ని క్షయ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగేవాళ్లు దేశంలో ఎక్కడ చూసినా ఉన్నారు. రెండింటి ఎక్స్‌రే తేడా చూడగలిగిన డాక్టర్లు కావాలి. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ బాధితులకి ఒక విధానం తెచ్చి, గుర్తింపూ సాయమూ ఇస్తోంది. కేజీఎఫ్‌లో గనుల్లో దిగినవాళ్లకే కాదు, గుట్టల నీడలో పెరిగినవాళ్లకీ అలాంటిది కావాలి.

గుట్టల టెండరు పత్రం ఏ దశలో ఉన్నా, ఖరారు చేసేముందు దాన్ని కేజీఎఫ్‌లో జనం ముందు చదివించండి. నేల, నీరు, దుమ్ము గురించిన షరతులు అందులో ఎన్ని పేజీలున్నాయో అక్కడివాళ్లు లెక్కపెట్టుకుంటారు. మీరు స్వయంగా రాగలిగితే మరీ మంచిది. ఆషాఢంలోనే రండి, మధ్యాహ్నం పూట, గాలి లేచే వేళకి. బంగారుపేట నుంచి మారికుప్పం బండిలో రండి. ఛాంపియన్ స్టేషన్ దాటాక కిటికీ దించకండి.

ఇట్లు,
భవదీయురాలు,
కుప్పం నుంచి ఒక సైన్స్ టీచర్